కనకరాజుకి ఇష్టమైన కేసెట్టు

కనకరాజు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం దగ్గర పడిందని బుచ్చమ్మగారు ఓ పొద్దున కోడలు రత్నమాలను పిలిచి వసారాలో కూర్చోబెట్టుకున్నారు. దానాల సంగతి తేలాలి. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, రాగిచెంబు అందరూ ఇచ్చేవే. వాటి మీద ఇంకొకటుంది. పోయిన మనిషికి బతికుండగా అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఏదో, అదీ ఇవ్వాలి. ఆ ఇంటి ఆనవాయితీ అది. బుచ్చమ్మగారి మామగారి పేర చుట్టల పెట్టె ఇచ్చారు. ఆవిడ భర్త పేర పేకముక్కల కట్ట ఇచ్చారు. పుచ్చుకునే బ్రాహ్మడు అటూ ఇటూ చూసి ఉత్తరీయం కింద దాచుకున్నాడు గానీ, ఇవ్వడం మాత్రం మానలేదు.

"మనవాడికేం ఇష్టమో ఊరంతటికీ తెలుసు కదే. ఆ దొరల పాటలు," అన్నారు బుచ్చమ్మగారు.

"ఆయ్. అయిదు కేసెట్లున్నాయండి అత్తయ్యగారూ. అన్నీ ఇచ్చేద్దామంటారా?"

"అన్నీ ఇస్తే ఇష్టమైంది ఇచ్చినట్టు కాదు, కొట్టు ఖాళీ చేసినట్టు. ఒకటే ఇయ్యాలి. అందులోకెల్లా మంచిదేదో, ఏదంటే వాడికి ప్రాణమో అది. తప్పుది పంపేవంటే అక్కడ మొహం మాడ్చుకుని కూర్చుంటాడు. నా వంటలో ఉప్పు తగ్గిన రోజున కంచం ముందు ఎలా కూర్చునేవాడో నువ్వు చూళ్ళేదూ?"

రత్నమాల చూసింది. అందుకే ఆ పూటంతా ఆమెకు పని మీద ధ్యాస నిలవలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది. పన్నెండేళ్ళు మస్కట్‌లో ఉన్న మనిషి, రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్ళిన మనిషి. ఆయనకేం ఇష్టమో ఆయన సూటిగా చెప్పిందెప్పుడు? కూరలూ చొక్కాలూ అయితే చెప్పగలదు. ఈ పాటల దగ్గర మాత్రం ఆమెకు ఒక అనుమానం ఉంది. అది చాలా ఏళ్ళ నాటిది.

రత్నమాల పుట్టింది అంబాజీపేట పక్కన, కొబ్బరిపీచు తాళ్ళు పేనే ఇంట్లో. అయిదో తరగతి అవగానే పలక అటక ఎక్కింది, పీచు చేతిలోకొచ్చింది. పాయలో పాయ కలిపి, అతుకెక్కడుందో వేలికి తగలకుండా పేనడం ఆ ఇంటి ఆడపిల్లలందరికీ వచ్చు. పెళ్ళయి ఉప్పలగుప్తం దగ్గర ఈ ఊరొచ్చింది. కనకరాజు కరెంటు వైరింగు పని చేసేవాడు. కూతురు లక్ష్మీదుర్గ పుట్టిన ఏడాదికి, ఆ చుట్టుపక్కల చాలామందిలాగే, విమానం ఎక్కాడు.

మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు అందరిలాగే టేపురికార్డరు, దుప్పట్లు, సెంటుసీసాలు తెచ్చాడు. అందరూ తేనివి ఆరు కేసెట్లు తెచ్చాడు. ఆరూ ఒకే జట్టు పాడినవి. ఎవరో ఇంగ్లీషు దేశపు నలుగురు, జుట్లు భుజాల దాకా పెంచుకున్నవాళ్ళు, కనకరాజు లాగూలు తొడుక్కునే రోజుల్లో పాడినవట. మస్కట్‌లో వాళ్ళుండే క్యాంపులో గోవా వంటాయన ఒకడు వాటిని పెట్టుకుని వింటుంటే ఈయనకి ఆ పిచ్చి అంటుకుంది. అవేం పాటలంటే చెప్పడం కష్టం. ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడుతో మొదలవుతుంది ఒకటి. ఇంకొకటి వానతో మొదలవుతుంది. గిటారు ఏడుస్తుంది, నవ్వుతుంది, ఉన్నట్టుండి పిల్లనగ్రోవి అయిపోతుంది. మాట మొదలయ్యేలోగా అన్నం వార్చి, చారు పోపు పెట్టి, తిరిగొచ్చి కూర్చోవచ్చు.

"ఇంకా పాట ఎత్తుకోలేదేంట్రా నీ దొరలు? ఆళ్ళకి మూడ్ వచ్చేసరికి మా గేదె పాలు చేపడం మానేసేలా ఉంది," అనేవారు బుచ్చమ్మగారు.

కేసెట్ల అట్టల మీద అక్షరాలు బెల్లం పాకం ఒలికినట్టు మెలికలు తిరిగి ఉండేవి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా తలకిందులు చేసి చూసి తిరిగి ఇచ్చేసేవారు. అందుకని ఇంట్లో వాటిని బొమ్మలతోనే పిలుచుకున్నారు. దీపం, మెట్లు, రెండు చందమామలు, నెమలి, నీలం గుర్రం, గొడుగు.

"ఇందులో మీకేది ఇష్టమండీ?" అని కొత్తల్లో ఒకసారి అడగనే అడిగింది.

"పిల్లల్లో ఎవరు ముద్దంటే ఏం చెప్తావే?"

"మనకున్నది ఒకత్తే కదండీ."

"అందుకే నీకు చెప్పడం తేలిక," అని నవ్వేశాడు.

తొంభై ఆరులో, దీపావళి ముందు, తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. ఉప్పునీళ్ళు ఇంట్లో మోకాటి లోతున నిలిచాయి. మనుషులు మిగిలారు కదా అనుకున్నారు, తక్కినవాటి గురించి చాలా రోజులు ఎవరూ మాట్లాడలేదు. బట్టలూ గిన్నెలూ కడుక్కుని, తాగడానికి నీళ్ళు దొరికే రోజులొచ్చాక, మంచం కింద ఉన్న సూట్‌కేసు తెరిచింది రత్నమాల. కేసెట్లనిండా బురద.

పారేస్తుంటే చెయ్యి రాలేదు. కనకరాజు సామాన్లలో ఉన్న సన్నటి స్క్రూడ్రైవరుతో మరలు విప్పింది. లోపలి టేపు అంతా బయటికి లాగి, మంచినీళ్ళలో జాడించి, పాత పంచె గుడ్డతో అద్ది, పీచు తాడు ఆరబెట్టినట్టు నీడన వెదురుగడల మీద వదులుగా చుట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు, ఈవిడకి మతి పోయిందనుకుని ఉంటారు. నాలుగు కేసెట్లు బాగానే తేలాయి. నీలం గుర్రం, గొడుగు మాత్రం సగం సగం చివికిపోయాయి. గుర్రంలో మొదటి సగం బాగుంది, గొడుగులో చివరి సగం బాగుంది. రెండు పాయలు దొరికితే కలపకుండా ఉండే చెయ్యి కాదు కదా ఆమెది. ఆయన మస్కట్ నుంచి తెచ్చిన గోళ్ళరంగు చుక్క వేసి ఆ రెండు ముక్కలూ అతికింది. చుట్టి గుర్రం డబ్బాలో పెట్టింది. గొడుగు డబ్బాలో సూదులూ గుండీలూ వేసుకుంది.

మరుసటి ఏడాది కనకరాజు వచ్చినప్పుడు, తినబోయే ముందే చెప్పేసింది. "కేసెట్లు తడిసిపోయేయండి. రెండు పాడైపోతే అందులో మంచి ముక్కలు అతికేను. వినడానికి పనికొస్తుందో లేదో తెలీదు."

కనకరాజు కంచం ముందు కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "కేసెట్టు అతకడం ఏంటే, చిరిగిన చాపనుకున్నావా?" అన్నాడు. అన్నం తిన్నాక టేపురికార్డరులో పెట్టి కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో అతుకు దగ్గర అది టక్కుమని దగ్గినట్టయింది. వేరే పాట అందుకుంది. కనకరాజు కళ్ళు తెరిచి ఆమె వంక చూశాడు. తిరగేసి రెండో వైపు కూడా చివరిదాకా విని, "బాగుందే," అన్నాడు.

ఆ తర్వాత ఏ సెలవుకొచ్చినా, పెట్టె దించి కాళ్ళు కడుక్కోగానే పెట్టేది ఆ కేసెట్టే. మస్కట్ మానేసి ఊళ్ళో రిపేరు షాపు పెట్టుకున్నాక కూడా ఆదివారం మధ్యాహ్నం ముందు అదే మోగేది.

మరి ఇంకేం అనుమానం అంటే, కనకరాజు ఎలాంటివాడో రత్నమాలకు తెలుసు. తల్లి వంటలో ఉప్పు తగ్గితే మొహం మాడ్చే మనిషి, పెళ్ళాం వంటలో ఉప్పు వెయ్యడమే మర్చిపోయినా రెండోసారి వడ్డించుకునేవాడు. కాకరకాయ విషంలా వండిన రోజున కూడా బాగుందే అన్నవాడు. పెళ్ళాం కష్టపడి కడిగి అతికింది కదా, దాని మనసెందుకు నొప్పించాలని ఆ తెగిన కేసెట్టు వినేవాడేమో. ఆమె అలాగే అనుకుని, లోలోపల మురిసిపోతూనే, దాన్ని లెక్కలోంచి తీసేసింది. ఇప్పుడు దానం ఇవ్వాల్సింది ఆయన మర్యాదకి విన్నది కాదు, ఆయన ఇష్టపడి విన్నది.

ఆ మధ్యాహ్నమే ముమ్మిడివరం నుంచి చిట్టిబాబు వచ్చాడు. మస్కట్‌లో కనకరాజు ఉన్న గదిలోనే ఉండేవాడు, ఇప్పుడూ అక్కడే పని. స్నేహితుడి సంవత్సరీకానికి అందేలా సెలవు పెట్టుకుని వచ్చాడు. అరటిగెల వసారాలో దించి, మంచినీళ్ళు తాగి, సంగతంతా విన్నాడు.

"దీనికంత ఆలోచనెందుకు చెల్లెమ్మా? వాళ్ళ ఆల్బమ్‌లన్నిట్లోకీ మంచిది దీపం. అందులో రెండో పాట వింటే జ్వరం కూడా దిగుద్ది."

"ఆయన అలా అన్నారా అన్నయ్యగారూ?"

"నేనంటున్నానండి."

"నీకేం ఇష్టమో నువ్వు పోయేక చూద్దాంలేరా చిట్టీ," అన్నారు బుచ్చమ్మగారు, కంద ముక్కలు కోస్తూ. "ఇప్పుడు మావాడి సంగతి చూడు."

చిట్టిబాబు నవ్వి స్టూలు మీద టేపురికార్డరు పెట్టించాడు. ఒక్కొక్కటే వింటే ఏదైనా గుర్తుకు రావచ్చునన్నాడు. దీపం పెట్టారు. మెట్లు పెట్టారు. చందమామలు మొదలయ్యేసరికి బుచ్చమ్మగారు ఇక తన వల్ల కాదని కంద పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ప్రతి దాంట్లోనూ ఏది గొప్పో చిట్టిబాబు చెబుతున్నాడు. ఇక్కడ డప్పు చూడండి చెల్లెమ్మా, ఇక్కడ వీడు గొంతు ఎలా వదిలేడో చూడండి. కనకరాజు కూడా ఇలాగే వేలెత్తి చూపించేవాడు. రత్నమాల ఆయన వేలు చూసేది గానీ పాట వినేది కాదు. ఈ పూట మొదటిసారి పాటే విన్నది. నెమలిలో ఒకచోట గొంతులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరడం ఆమెకు చాలా బాగుంది.

చివర నీలం గుర్రం డబ్బాలోది పెట్టింది. చిట్టిబాబుకి ఆ పాటలు కంఠతా వచ్చు. తొడ మీద తాళం వేస్తూ, తరవాత వచ్చే గిటారు నోటితో ముందే అందుకుంటున్నాడు. టక్కుమంది. వాన చప్పుడు వచ్చింది. అతని చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఇదేంటండి? గుర్రంలోకి గొడుగు ఎలా వచ్చింది?"

రత్నమాల తుఫాను సంగతీ, గోళ్ళరంగు సంగతీ చెప్పింది. చిట్టిబాబు టేపురికార్డరు దగ్గరికి జరిగాడు. ఆ వైపు అయ్యేదాకా విన్నాడు. తనే లేచి తిరగేశాడు. రెండో వైపు గొడుగుతో మొదలై, టక్కుమని, మళ్ళీ గుర్రంలోకి వచ్చి ముగిసింది.

"ఓరి దొంగా," అన్నాడు చివరికి, చనిపోయిన స్నేహితుణ్ణి. "ఇదా."

"ఏదండీ?"

"మా గదిలో శుక్రవారం సెలవండి. పొద్దున్నే బట్టలుతుక్కోవడం, బిర్యానీ వండుకోవడం, దెబ్బలాడుకోవడం. ఏ ఆల్బమ్ గొప్పదీ అని. గోవా వంటాయన మెట్లు అంటాడు. నేను దీపం అంటాను. మీ ఆయన వంతు వచ్చేసరికి, ఇవేవీ కాదెహె, అన్నిటికన్నా గొప్పది మీరు వినలేదు, అది మా ఇంట్లో ఉంది అనేవాడు. పేరేంట్రా అంటే పేరు లేదు అంటాడు. తీసుకురారా అంటే, ఇక్కడ వినేది కాదు అంటాడు. కోనసీమోళ్ళ గొప్పలు ఇలాగే ఉంటాయని మలయాళీలు కూడా ఎక్కిరించేవోరండి. ఆళ్ళ ముందు నా పరువు కూడా తీసేడు."

రత్నమాల చేతిలో కొంగు చివర నలుగుతోంది. "నేను అతికేనని చెప్పేరా మరి?"

"ఒక్క ముక్క చెబితే ఒట్టు. చెప్పుంటే పెళ్ళాం మెప్పు కోసం అంటున్నాడని కొట్టిపారేసేవోళ్ళం. ఒకసారి మాత్రం నేను గట్టిగా నిలేసేను. అంత గొప్పేంట్రా అందులో అని. అప్పుడన్నాడండి. మిగతావన్నీ ఒకచోట బయల్దేరి ఎక్కడికో వెళ్ళిపోతాయిరా. అది వెళ్ళి, వెనక్కొస్తుంది. బయల్దేరిన చోటికే. మళ్ళీ గుర్రం చప్పుడు వినపడేసరికి, వీధి మలుపులో మా ఇల్లు కనపడినట్టుంటుంది. నాకప్పుడు బోధపడలేదు చెల్లెమ్మా."

రత్నమాల వినని చోట, ఆమె మెప్పు అక్కర్లేని చోట, సముద్రం అవతల ఆయన ఆ మాట అన్నాడు. ఏళ్ళ తరబడి అందరిచేతా వేళాకోళం పడుతూ అన్నాడు. మర్యాదకి కాదు. కాకరకాయ కూర సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం నిజంగానే బాగుంది.

ఆమె నవ్వింది. వెంటనే ఇంకొకటి తట్టింది. నవ్వు సగంలో ఆగింది.

ఇష్టమైంది ఇదే అయితే, ఇవ్వాల్సిందీ ఇదే.

ఏడాదిగా ఆదివారం మధ్యాహ్నం ఆమె పెట్టుకునేదీ ఇదే. చిట్టిబాబు ఆమె మొహం చూసి గ్రహించాడు. పెరటి వైపు ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"పిన్నిగారు ఇందాకే వెళ్ళిపోయేరు. ఆవిడకి గుర్రమూ గొడుగూ తేడా ఏం తెలుద్ది? దీపం ఇచ్చేద్దామండి. అదీ మంచిదే కదా. ఇది మీరుంచుకోండి."

"అత్తయ్యగారికి తెలీదండి."

"మరింకేం?"

"ఆయనకి తెలుసు కదండీ అన్నయ్యగారూ."

చిట్టిబాబు తల వంచుకున్నాడు. పోనీ అమలాపురం తీసుకెళ్ళి ఇంకో దాంట్లోకి ఎక్కించుకుని వస్తానన్నాడు. రికార్డింగ్ షాపులన్నీ సెల్‌ఫోన్ షాపులయిపోయినా, వెతికితే ఎవడో ఒకడు చేస్తాడన్నాడు. రత్నమాల ఆలోచించింది. వద్దంది.

"రెండుంటే ఇచ్చినట్టు ఉండదండి. వాన ఎక్కడొస్తుందో, గుర్రం ఎక్కడ తిరిగొస్తుందో నాకు తెలుసు. చాలు."

ఆ మాట అన్నాక ఆమెకు ఒళ్ళు తేలికపడినట్టయింది. ఆకలి కూడా వేసింది. చిట్టిబాబు తెచ్చిన గెలలోంచి పండు ఒకటి తుంచుకుని తిన్నది.

సంవత్సరీకం నాడు వంటలు బాగా కుదిరాయి. కందా బచ్చలీ, గారెలు, కనకరాజుకి నచ్చే పనసపొట్టు కూర. పురోహితులు సూర్యనారాయణగారు దానాలన్నీ వరసగా పుచ్చుకున్నారు. చివర రత్నమాల తమలపాకులో పెట్టిన కేసెట్టు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇదేంటమ్మా?"

"వాడికిష్టమైన పాటలండి," అన్నారు బుచ్చమ్మగారు. "ఇయ్యాలి. మా ఇంటి ఆనవాయితీ."

"తమరి ఆనవాయితీ మా నాన్నగారికి బాగా తెలుసండి. పేకముక్కలు పుచ్చుకున్నది ఆయనే," అన్నారు సూర్యనారాయణగారు. "ఇవ్వచ్చు. కానీ పుచ్చుకున్నవాడికి పనికొస్తేనే దానం పోయినవాళ్ళకి చేరుతుంది. నేనిది తీసుకెళ్ళి గూట్లో పెడితే అక్కడే పడుంటుంది. వినేవాడు ఎవరైనా ఉన్నారా?"

అందరి కళ్ళూ చిట్టిబాబు మీద పడ్డాయి. కాళ్ళు కడిగించి పీట మీద కూర్చోబెట్టారు. దానం పట్టడం అతనికి అదే మొదలు. ఏ చెయ్యి చాచాలో తెలియక రెండూ చాచాడు.

"వస్తువు పేరు చెప్పాలమ్మా, మంత్రంలో," అన్నారు సూర్యనారాయణగారు.

"పేరు లేదండి పంతులుగారూ."

"పేరు లేకుండా ఎలాగ?"

"ఆయన కూడా పేరు లేదనే చెప్పేవారటండి."

సూర్యనారాయణగారు క్షణం ఆలోచించి, ఏదో సంస్కృతం మాట అమర్చి చదివేశారు. రత్నమాల ఆకుతో సహా కేసెట్టు అతని చేతుల్లో పెట్టి, నీళ్ళు వదిలింది. నీళ్ళు చిట్టిబాబు వేళ్ళ మధ్యనుంచి కారి కేసెట్టు మీద పడబోతే, చటుక్కున కొంగుతో అడ్డుకుంది.

"ఇంక తడపకండి దాన్ని," అంది. బుచ్చమ్మగారితో సహా అందరూ నవ్వారు.

ఇరవై రోజుల తర్వాత ఓ శుక్రవారం సెల్లు మోగింది. మస్కట్ నుంచి చిట్టిబాబు. వెనకాల గదిలో గోలగోలగా ఉంది.

"చెల్లెమ్మా, ఇవాళ అందరికీ వినిపించేనండి. రెండు వైపులా. చేతులెత్తించేను."

"ఏమైందండీ?"

"ఓడిపోయేం. మెట్లు గెలిచింది. గోవా వంటాయన మధ్యలో ఆ టక్కు చప్పుడుకే కాఫీ ఒలకబోసుకున్నాడు. మలయాళీలు ఇద్దరూ ఆడివైపే."

రత్నమాల గుమ్మానికి చేరగిలబడి వింటోంది. పొయ్యి మీద పాలు పొంగడానికి వస్తున్నాయి, అయినా కదల్లేదు.

"మరి మనకి ఎన్నొచ్చాయండి అన్నయ్యగారూ?"

"రెండండి."

"రెండా? మీరూ, ఇంకెవరు?"

"ఇంకెవరేంటండి. మనోడి చెయ్యి కూడా నేనే ఎత్తేను."

అంటే రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంటాడు గది మధ్యలో. ఆ మనిషిని అలా ఊహించుకునేసరికి రత్నమాలకు నవ్వు ఆగలేదు. ఫోను పెట్టేశాక కూడా నవ్వుతూనే వంటింట్లోకి పరిగెత్తింది. ఏంటే అంత నవ్వు అని వసారాలోంచి బుచ్చమ్మగారు అడిగారు. "మీ అబ్బాయికి చేరిందండి అత్తయ్యగారూ," అంది, పాలగిన్నె దింపుతూ.